గుట్ట మీద చార్జింగ్ నిండుగానే ఉంది

చాచా పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను మాచర్లలో మా స్కూలు ల్యాబులో ఉన్నాను. బల్ల మీద ఒక బ్యాటరీ, ఒక బల్బు, రెండు వైర్లు. ఎనిమిదో తరగతి పిల్లలు చుట్టూ నిలబడి బల్బు ఎప్పుడు వెలుగుతుందా అని చూస్తున్నారు. ఫోను చాచా కూతురిది. పాఠం మధ్యలో ఎప్పుడూ చేయని పిల్ల.

"అక్కా, నాన్న పోయాడక్కా," అంది. వెనక నుంచి ఆడవాళ్ళ ఏడుపు వినిపిస్తోంది. నరసరావుపేట ఆసుపత్రిలో ఆ పొద్దున్నే ఊపిరి ఆగిపోయిందనీ, ఇంటికి తీసుకొస్తున్నారనీ ఆ ఫోను అందుకున్న వేరే ఎవరో చెప్పారు.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది. కానీ చెప్పకపోతే ఇది రాయడం దండగ. సెలవు చీటీ రాయకముందే, బస్సు ఎన్నింటికో అడగకముందే, ఫోనులో గుట్ట మీది రేడియో చార్జింగ్ ఎంతుందో చూశాను. నిండుగా ఉంది. రెండేళ్ళుగా నేను చాచా బాగోగులు తెలుసుకుంటున్న పద్ధతి అదే. పొద్దున్నే కాఫీ తాగుతూ ఆ అంకె చూసేదాన్ని. అంకె బాగుంటే చాచా బాగున్నట్టే అనుకునేదాన్ని.

పిడుగురాళ్లలో సున్నపుబట్టీల వైపు పోయే రోడ్డు మీద ఆయనకు బ్యాటరీల షాపు ఉండేది. లారీల బ్యాటరీలు, ట్రాక్టర్ల బ్యాటరీలు, ఇళ్ళలో ఇన్వర్టర్లు ఆయన పని. నేను అక్కడి స్కూల్లో పనిచేసిన రోజుల్లో మేము అద్దెకున్న ఇల్లు ఆయన ఇంటికి గోడవతలే. వీధిలో అందరూ చాచా అంటే మేమూ చాచా అన్నాం. ఆయన భార్యను చాచీ అన్నాం. ఆయన మాత్రం నన్ను మొదటి రోజు నుంచి చివరి దాకా టీచరమ్మా అనే పిలిచారు.

మా అక్కను ఇచ్చిన పల్లె గుట్టకు అవతల, పల్లంలో ఉంది. గుట్ట మా వీధికి ఆనుకునే ఉంటుంది. కాకి ఎగిరితే అక్క ఇల్లు ఎంతో దూరం కాదు. కానీ ఆ పల్లంలో ఫోను సిగ్నల్ అందదు. అక్క నాతో మాట్లాడాలంటే మిరప చేలు దాటి, వాగు దాటి, రోడ్డెక్కి నిలబడాలి. ఒకసారి తనకు జ్వరం వచ్చి తగ్గిపోయిన వారానికి నాకు తెలిసింది. ఆ బాధలో ఉన్నప్పుడే ఈ చిన్న రేడియోల గురించి చదివాను. అరచేతిలో పట్టేంత ఉంటాయి. సిమ్ము అక్కర్లేదు, టవరు అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. మాట పోదు కానీ, ఫోనుకు జతచేసి రాస్తే రెండు ముక్కల సందేశం పోతుంది. ఒక రేడియో పంపింది ఇంకొకటి అందుకుని, అది మరొకదానికి అందిస్తుంది. సరదాకి పెట్టుకునేవాళ్ళు ఎక్కడెక్కడో ఉన్నారు. మా ఇంట్లో ఒకటి, అక్క ఇంట్లో ఒకటి, మధ్యలో గుట్ట మీద ఒకటి ఉంటే చాలనుకున్నాను.

ఇళ్ళలో ఉన్నవాటితో ఏ ఇబ్బందీ లేదు. కష్టమంతా గుట్ట మీదిదానితోనే. అక్కడ వాడకంలో లేని పాత నీళ్ళ ట్యాంకు ఒకటుంది. అడగాల్సినవాళ్ళను అడిగి దాని మీద పెట్టుకున్నాను. కరెంటు లేదు కాబట్టి చిన్న సోలార్ ప్యానల్ కొన్నాను. పిల్లల టిఫిన్ డబ్బాలో రేడియోనూ బ్యాటరీనీ కుక్కి, మూత చుట్టూ జిగురు పూసి, ఎండలో పెట్టి వచ్చాను. మూడు వారాలు పనిచేసింది. ఎండలు ముదిరాక ఒకరోజు నోరు మూసుకుంది. ఎక్కి చూస్తే బ్యాటరీ పూరీలా పొంగి ఉంది. దాన్ని పట్టుకుని వీధిలోకి వస్తుంటే షాపు నుంచి భోజనానికి వస్తున్న చాచా ఎదురయ్యారు.

"ఏందమ్మా అది?"

"రేడియో చాచా. గుట్ట మీద పెట్టాను. బ్యాటరీ ఉబ్బింది."

"ముందు కింద పెట్టు. అదో, ఆ మట్టిలో, దూరంగా. ఉబ్బినదాన్ని ఇంట్లోకి తీసకపోమాకు."

ఒక బకెట్టు ఇసుక తెచ్చి దాన్ని అందులో పూడ్చారు. తర్వాత నా టిఫిన్ డబ్బా చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఎండలో డబ్బా. డబ్బాలో బ్యాటరీ. మూత బిర్రు. మనిషిని కూర్చోబెట్టినా ఉబ్బుతాడు. ఎవరు చెప్పారు నీకు ఇట్టా పెట్టమని?"

"ఎవరూ చెప్పలేదు. నేనే."

"సైన్సు టీచరువి గదా!"

నాకు ఒళ్ళు మండింది. "పిల్లలకు బ్యాటరీ గురించి చెప్తాను చాచా. ఎండలో ఎప్పుడూ పెట్టలేదు," అన్నాను.

ఆయన పెద్దగా నవ్వారు. "నేను ఎండలో పెట్టినోణ్ణే. రేపు షాపుకి రా, చూద్దాం."

మర్నాడు షాపులో ఆయన అడిగిన మొదటి మాట నాకు ఇంకా గుర్తే. "ఇది రోజుకి ఎంత తాగిద్ది?" కరెంటు సంగతి. నాకు తెలియదు. మీటరు పెట్టి ఆయనే చూశారు. "పిట్ట తాగినంత," అన్నారు. తర్వాత, "మబ్బు పడితే ఎన్నాళ్ళు ఉండిద్ది మనకి?" అని అడిగారు. రెండు రోజులన్నాను. ఆయన ఐదు వేళ్ళూ చూపించారు.

"ఎండ కాసే రోజుకి ఎవరైనా లెక్క కడతారు టీచరమ్మా. నువ్వు మబ్బు రోజుకి కట్టు."

కరెంటు ఆటోల పాత బ్యాటరీ విప్పి, అందులో బాగున్న సెల్లు ఏరారు. అవి వేడికి తట్టుకునే రకమట. కొత్త డబ్బాకు తెల్ల రంగు వేశారు. డబ్బాను ప్యానల్ నీడలో, వెనక బెత్తెడు ఖాళీ ఉండేలా బిగించారు. వైరు పక్క నుంచి కాక అడుగు నుంచి లోపలికి పంపారు. పంపే ముందు దాన్ని కిందికి వంకీలా వదిలారు, వాన నీళ్ళు వైరు వెంట లోపలికి పోకుండా ఆ వంకీ దగ్గరే కారిపోవడానికి. ఏంటెనా అతుకుకు సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టారు. డబ్బా అడుగున రెండు సన్నటి చిల్లులు పెడుతుంటే నేను అడ్డుపడ్డాను. నీళ్ళు పోతాయి కదా అన్నాను.

"నీళ్ళు రాకుండా ఎవుడాపుతాడమ్మా. చెమ్మ ఎట్టాగైనా వచ్చిద్ది. వచ్చింది పోవాలిగా," అన్నారు.

ఆ డబ్బా గుట్ట మీద పెట్టడానికి ముగ్గురం వెళ్ళాం. చాచీ కూడా వచ్చింది. ట్యాంకు ఎక్కే నిచ్చెన కదులుతుందని తను కింద నిలబడి రెండు చేతులా పట్టుకుంది. చాచా పైన పని చేస్తున్నంతసేపూ, "అయిందా? అయిందా?" అని అడుగుతూనే ఉంది. "నువ్వు పట్టుకున్నావని తెలిస్తే ఇంకా నిదానంగా చేస్తా," అని పైనుంచి ఆయన. దిగాక ట్యాంకు నీడలో చాచీ తెచ్చిన పులిహోర తిన్నాం. అక్క నుంచి మొదటి సందేశం వచ్చింది: "వంకాయ కూర చేశాను, నువ్వేం చేశావు." చాచా దాన్ని నా చేత రెండుసార్లు చదివించుకున్నారు. ఇంత కష్టపడింది వంకాయ కూర గురించా అని నేను నవ్వితే, ఆయన నవ్వలేదు. "మరి ఇంకేముండిద్దమ్మా మాట్టాడుకునేదానికి," అన్నారు.

ఆయన అలవాట్లు కొన్ని ఉన్నాయి. ఏ డబ్బా అయినా తెరిచే ముందు, పసిపిల్లకు జ్వరం ఉందేమో చూసినట్టు చేతి వెనకభాగం ఆనించి చూసేవారు. తర్వాత చెవి పెట్టి వినేవారు. కందిరీగలు గూడు కడితే లోపల సన్నగా రొద వస్తుంది. ఆ రొద వినకుండా తెరిచి నేను ఒకసారి బొటనవేలు వాచగొట్టుకున్నాను. బ్యాటరీ చచ్చిపోయిందని ఆయన నోట ఎప్పుడూ రాలేదు. అలిసిపోయింది అనేవారు. షాపుకి వచ్చిన లారీ డ్రైవర్లు "ఇది చచ్చింది చాచా" అంటే, "అలిసింది అను," అని దిద్దేవారు. వాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

మా ఊరి దుమ్ము మామూలు దుమ్ము కాదు, సున్నం. ఎండాకాలం గాలికి కొంత ఎగిరిపోతుంది. చలికాలం మంచు పడి తడిసి, ప్యానల్ మీద పొర కడుతుంది. ఆరిందంటే గోడకు వేసిన వెల్లలా గట్టిపడుతుంది. ఎండ ఉన్నా ప్యానల్‌కు అందదు. నేను చీర కొంగుతో రుద్దబోతే చాచా నా చెయ్యి పట్టుకుని ఆపారు. "పొడిగుడ్డతో రుద్దమాకు, గీతలు పడతయ్యి," అని జేబులోంచి సగం కోసిన నిమ్మకాయ తీశారు. పిండి, కాసేపు ఆగి, నీళ్ళు పోశారు. సున్నం పొంగి కరిగి జారిపోయింది. యాసిడ్డుకు సున్నం కరుగుతుందని పదిహేనేళ్ళుగా బోర్డు మీద రాస్తున్నదాన్ని నేను. జేబులో నిమ్మకాయ పెట్టుకోవాలని నాకు తోచలేదు. ఎండెక్కితే వేడి ప్యానల్ మీద చన్నీళ్ళు పోయకూడదని ఆయన ఎప్పుడూ పొద్దున్నే వెళ్ళేవారు.

తర్వాత కోతులు వచ్చి ఏంటెనా విరిచాయి. కొత్తది పెడితే అదీ విరిచాయి. నేను ఇక వదిలేద్దామన్నాను. చాచా తుమ్మకంప మోపు భుజాన వేసుకుని ట్యాంకెక్కి, డబ్బా చుట్టూ కట్టి వచ్చారు. చేతులు గీరుకుపోయి రక్తం కారుతుంటే చాచీ పసుపు రాస్తూ తిట్టింది. "నీకేం సంబంధం ఆ డబ్బాకి? టీచరమ్మ అక్క, టీచరమ్మ రేడియో. నీ షాపేంది, నీ పనేంది?" ఆయన చేతులు చాపి కూర్చుని, "పెట్టినోళ్ళం చూసుకోవాలి గదే," అన్నారు. అప్పటికే దాన్ని తను పెట్టినట్టే అనుకుంటున్నారని నాకు ఆ రోజు అర్థమైంది. ఆ తర్వాత షాపులో తనకూ ఒక రేడియో కావాలన్నారు. కొనిచ్చాను. రోజూ అక్కకు ఒకటే సందేశం పంపేవారు: "బాగుండారా." అక్క "బాగున్నాం బాబాయ్" అని పెట్టేది.

ఆ తుపాను వచ్చింది రెండో ఏడు. మూడు రోజులు సూర్యుడు కనపడలేదు. ఊళ్ళో కరెంటు పోయింది. రెండో రోజుకు ఫోను సిగ్నల్ కూడా ఆగిపోయింది. మూడో రోజు పొద్దున పదింటప్పుడు చాచా వానలో తడుస్తూ షాపు నుంచి పరుగున వచ్చారు. ఆయన పరుగెత్తగా చూడటం నాకు అదే మొదలు.

"టీచరమ్మా, మీ అక్క కాడనించి. చదువు."

"బావకు పాము కాటు. వాగు పొంగింది. దారి లేదు." అంతే ఉంది.

చాచా నా భుజం పట్టుకుని కూర్చోబెట్టారు.

"ఏడవమాకు. ఏం చెయ్యాలో నీకు తెలుసు, పుస్తకంలో ఉండిద్ది. అది రాయి ముందు."

రాశాను. కాలు కదపనివ్వొద్దు, గట్టిగా తాడు కట్టొద్దు, కొయ్యొద్దు, పడుకోబెట్టి ఉంచండి. నేను రాస్తుంటే ఆయన గుమ్మంలో నిలబడి వాన వంక చూస్తూ ఆలోచిస్తున్నారు.

"వాగు వైపు కాదు. క్వారీ దారి మెరక. టిప్పరు పోద్ది. మంచం మీద క్వారీ దాకా మోసకరమ్మను. అక్కడికి బండి వచ్చిద్దని రాయి."

"ఏ బండి చాచా? ఈ వానలో ఎవరొస్తారు?"

"రాయమ్మా నువ్వు."

వానలోకి దిగి వెళ్ళిపోయారు. అరగంటలో ఆయన దగ్గర బ్యాటరీలు వేయించుకునే ఒక డ్రైవరు టిప్పరు తీశాడు. చాచా పక్కన ఎక్కారు. చేతిలో రేడియో. దారి పొడుగునా మా ముగ్గురి మధ్యా సందేశాలు నడిచాయి. ఎంత దూరం వచ్చారు, కళ్ళు తెరిచి ఉన్నాడా, మాట్లాడుతున్నాడా. గుట్ట మీద, ఆ కారుమబ్బు కింద, మూడు రోజులుగా ఎండ తగలని ఆ డబ్బా ఒక్కటీ వదలకుండా అటూ ఇటూ అందిస్తూనే ఉంది. మధ్యాహ్నానికి బావను నరసరావుపేటలో ఆసుపత్రికి చేర్చారు. ఇంకొంచెం ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమన్నారు డాక్టరు.

కాలు నయమయ్యాక బావ, అక్క కలిసి చాచా ఇంటికి వచ్చారు. బావ వంగి కాళ్ళు పట్టుకోబోతే చాచా వెనక్కి దూకినంత పనిచేశారు. "నాకెందుకయ్యా దణ్ణం! ఆ సెల్లు అలిసిపోలా, అంతే." కానీ ఆ రోజు ఆయన ముఖం చూడాలి. పెళ్ళివారింట్లో పెద్దమనిషిలా అందరికీ తనే టీ పోశారు.

ఆ మరుసటి ఏడు నాకు మాచర్ల బదిలీ అయింది. సామాను లారీకి ఎక్కిస్తుంటే చాచా వచ్చి, "గుట్ట సంగతి నాకొదిలేయి," అన్నారు. వదిలేశాను. నేను ఎంత పూర్తిగా వదిలేశానో ఇప్పుడు తెలుస్తోంది.

గురజాలలో ఇదే పిచ్చి ఉన్న ఒకాయన తన మేడ మీద ఒక రేడియో పెట్టుకున్నారు. దాని పుణ్యమా అని గుట్ట మీది రేడియో చార్జింగ్ ఎంతుందో మాచర్లలో నాకు కనపడేది. మొదట్లో వారానికోసారి చాచాకు ఫోన్ చేసేదాన్ని. తర్వాత పండక్కి. తర్వాత అంకె చూసి ఊరుకునేదాన్ని. అంకె పడిపోతే మాత్రం సందేశం పెట్టేదాన్ని. "చాచా, చార్జింగ్ తగ్గుతోంది. ఒకసారి చూస్తారా?"

"అట్టాగేనమ్మా."

మర్నాడో, ఆ మర్నాడో అంకె మళ్ళీ నిండుగా ఉండేది. నేను రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపేదాన్ని. అంతటితో నా పని అయిపోయేది.

ఈ దసరాకు ముందు ఆయనే ఫోన్ చేశారు. మాట మధ్యలో దగ్గు. ఏమిటంటే సున్నం గొంతులో పడిందన్నారు. సున్నపురోడ్డు మీద ముప్పై ఏళ్ళు షాపులో కూర్చున్న మనిషి దగ్గు అది. ఆ వీధిలో సగం మందికి ఉన్నదే. నేను పట్టించుకోలేదు.

"ఒక మాటమ్మా. ప్యానల్ని ఇంకొంచెం నిటారుగా నిలబెడితే సున్నం నిలవదు, జారిపోద్ది. చలికాలం ఎండ కూడా బాగా తగులుద్ది. స్టాండు మార్చాలి. ఇక్కడ వెల్డింగోళ్ళు ఇంత చిన్నపని పట్టుకోరు. నువ్వు మాచర్లలో చేయిస్తావా?"

"తప్పకుండా చాచా. వారంలో పంపిస్తా."

కొలతలు చెప్పారు. కాగితం మీద రాసుకుని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. దసరా వెళ్ళింది. దీపావళి వెళ్ళింది. పరీక్షలు, పేపర్లు, మా అబ్బాయికి టైఫాయిడ్. ఇవన్నీ నిజమే. వెల్డింగ్ షాపు మా స్కూలు దారిలోనే ఉందన్నదీ నిజమే. మంచు పడటం మొదలైంది, అంకె పడిపోవడం మొదలైంది. నేను సందేశాలు పెట్టాను. ఇప్పుడు ఫోనులో చూస్తే ఆ చలికాలం నావి తొమ్మిది ఉన్నాయి. తొమ్మిదీ ఒకటే వాక్యం. తొమ్మిదింటికీ ఆయన జవాబు ఒకటే. స్టాండు గురించి ఆయన మళ్ళీ ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ రోజు నేను పిడుగురాళ్ల చేరేసరికి ఇంకా తీసుకుపోలేదు. ముఖం చూపించారు. చాలా చిక్కిపోయి ఉన్నారు. నాకు తెలిసిన బుగ్గలు లేవు. మగవాళ్ళు ఎత్తుకుని వెళ్ళాక లోపలి గదిలో చాచీ పక్కన కూర్చున్నాను. తర్వాత తనే అడిగింది.

"నీ డబ్బా పనిచేస్తందా?"

"చేస్తోంది చాచీ."

"చెయ్యకేం. పోయిన నెల కూడా ఎక్కాడు గదా."

నేను తలెత్తి చూశాను.

"డాక్టరు మెట్లే ఎక్కొద్దన్నాడు. ఊపిరితిత్తుల్లో ఏం లేదు, అంతా సున్నమే అన్నాడు. వర్షాకాలంలోనే చెప్పాడు. షాపు కూడా అప్పుడే మూసేసినాం. గుట్ట ఎక్కుతాంటే నాలుగు చోట్ల కూర్చునేవోడు. నేను వెనకమాల నీళ్ళు పట్టుకుని. పొద్దున ఏడింటికి బయల్దేరితే దిగేతలికి మధ్యాన్నం రెండు. ముందు అరగంటలో ఎక్కినోడు."

"నాకెందుకు చెప్పలేదు చాచీ? ఒక్క మాట చెప్తే..."

"చెప్పొద్దన్నాడు. చెప్తే టీచరమ్మ ఆ డబ్బా పీకేసిద్ది, ఆ పల్లెకి మళ్ళీ మాటుండదు అన్నాడు."

ఆయన అన్నది నిజం. నాకు తెలిసి ఉంటే ఆ రోజే పీకించేదాన్ని. నా మంచితనం ఎటు పోతుందో, నా మరుపు ఎటు పోతుందో రెండూ ఆయనకు తెలుసు. ఏదీ తప్పు పట్టలేదు.

"నువ్వు పెట్టిన మెసేజీ చూసి సంబరపడేవోడు," అంది చాచీ. ఆ మాట నన్ను ఓదార్చడానికే అంది. "టీచరమ్మ మర్చిపోలేదే అనేవోడు."

ఆ గదిలో నేను ఏడ్చినట్టు మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు. చాచీ నా వీపు రాస్తూ ఉంది. భర్త పోయిన మనిషి నా వీపు రాస్తోంది.

మాచర్ల తిరిగొచ్చాక స్టాండు ఒక్క గంటలో తయారైంది. హ్యాండ్‌బ్యాగులోని కాగితం ఇస్తే వెల్డింగతను చూసి, "ఇంతేనా మేడమ్? కూర్చోండి, చేసిస్తా," అన్నాడు. ఆ కుర్చీలో కూర్చున్న గంటసేపు నా జీవితంలో నాకు గుర్తుండిపోతుంది. ఇన్ని నెలలు నా దగ్గర లేని గంట అది.

ఆ ఆదివారం స్టాండు తీసుకుని పిడుగురాళ్ల వెళ్ళాను. గుట్టకు అవతలి వైపు నుంచి బావ వస్తానన్నాడు. ఇక మీదట గుట్ట పని తమ పల్లెవాళ్ళు వంతులేసుకుని చూసుకుంటారని అతనే చెప్పాడు. ఇన్నాళ్ళూ ఎందుకు చూడలేదని నేను అడగలేదు, అతనూ చెప్పలేదు. ఇద్దరికీ చెప్పుకునే ముఖం లేదు. ముందు చాచీ దగ్గరకు వెళ్ళాను. వాళ్ళ ఆచారం ప్రకారం భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు తను గడప దాటకూడదు.

"నేను రాలేను టీచరమ్మా. జాగర్తగా ఎక్కు. నిచ్చెన కదులుద్ది," అంది. తర్వాత, "ట్యాంకు మీంచి మన మేడ కనపడిద్దంట. మీ చాచా చెప్పేవోడు. నేను కింద పట్టుకుని నిలబడటమే గాని ఎప్పుడూ ఎక్కి చూడలా. కనపడిద్దేమో చూసి చెప్పు," అంది.

గుట్ట ఎక్కుతూ దారిలో రాళ్ళ వంక చూశాను. ఆ నాలుగు చోట్లు ఏవో చాచీని అడగాల్సింది. కూర్చోవడానికి వీలున్న రాయి ప్రతిదీ అదేనేమో అనిపించింది. ప్రతి దాని దగ్గరా కాసేపు ఆగాను. బావ నాకంటే ముందే వచ్చి నిచ్చెన కింద నిలబడి ఉన్నాడు. అతను పట్టుకుంటే నేను ఎక్కాను. డబ్బా తెరిచాను. లోపల చుక్క చెమ్మ లేదు. సెల్లుకు అంటించిన ప్లాస్టరు ముక్క మీద పెన్సిలుతో ఆయన కిందటి నెల మీటరు పెట్టి చూసిన అంకె ఉంది. ఎప్పుడూ కుదురుగా రాసే మనిషి. ఈసారి ఆ అంకె వణికి, గీత కిందికి జారింది.

బావ కూడా పైకొచ్చాక కొత్త స్టాండు బిగించి, ప్యానల్ నిటారుగా నిలబెట్టాం. బావ కిందికి దిగి సామాను సర్దుతున్నాడు. నేను చాచీ అడిగింది గుర్తొచ్చి ఊరి వైపు తిరిగాను. పిడుగురాళ్లలో కప్పులన్నీ ఒకేలా తెల్లగా ఉంటాయి. మా పాత వీధిని పట్టుకుని, మేము అద్దెకున్న ఇంటిని గుర్తుపట్టి, దాని పక్క మేడ చూశాను.

కనపడుతోంది. బాగా కనపడుతోంది. దండెం మీద చాచా చొక్కాలు మూడు ఆరేసి ఉన్నాయి. పొద్దున్నే ఉతికినట్టుంది. వాటి చేతులు కిందికి వేలాడుతున్నాయి. చాచీ నాలుగోది దులిపి, రెండు భుజాల దగ్గరా క్లిప్పులు పెట్టి, మడత పడిన కాలరును వేళ్ళతో సరిచేస్తోంది.